నీటిపై వ్రాత

నీటిపై వ్రాత నిలువదని మన పెద్దలు చెప్పుదురు. మాట తప్పువాని వాగ్దానమును, అప్పులవాడు పెట్టు గడువును వారు దానితోనే పోల్చిరి. ఆ మాటలో లోకానుభవము లేకపోలేదు. కాని పదార్థవిజ్ఞానమున దీనికొక చక్కని మినహాయింపు కలదు. నీటిలో ధ్వని యొక వ్రాత వ్రాయును. అది కంటికి గాని చేతికి గాని అందదు. ఆ నీటిగుండా సన్నని వెలుగును పంపినయెడల మాత్రము, ఆ వెలుగు వ్రాతను చదివి, చదివినదానిని ఎదుటి గోడపై చుక్కలుగా పెట్టి చూపును. ఈ ప్రయోగమును గూర్చియు, మార్కాపురము, గిద్దలూరు, కంభము ప్రాంతములనుండి కళాశాలలకు పోవు బిడ్డలచేత దీనిని నిజముగా చేయించుటను గూర్చియు మా పాఠకులతో కొంత ముచ్చటింప దలచితిమి.

పలకలసీమవారికి దీనిని తెలియజెప్పుట కష్టము కాదు. ఒక మార్కాపురపు పలకను తీసికొని దానిపై బలపముతో సమదూరమున గీతలు గీయుడు. అట్టి గీతలనే గాజుబిళ్ళపై వజ్రపు మొనతో, అంగుళమునకు 15,000 చొప్పున గీచినచో అది గ్రేటింగు అనబడును. కళాశాల ప్రయోగశాలలలో నిది సామాన్యమైన వస్తువే. దానిగుండా పోవు వెలుగు తిన్నగా పోవుటయే గాక ఇరువైపులకును చీలును. సందుసందునుండి వచ్చిన కాంతితరంగములు కొన్ని దిక్కులలో నొండొంటికి తోడ్పడి ప్రకాశించును, మిగిలిన దిక్కులలో నొండొంటిని చెఱచుకొని నశించును. దీనినే వివర్తన మందురు. గీతలు దగ్గఱయైనకొలది చుక్కలు ఎడమగును. కావున చుక్కల యెడమును కొలిచినవాడు, గీతలను చూడకయే వాని సందును చెప్పగలడు.

ఇక నీటిలోని గీతల సంగతి. ధ్వని యనగా పదార్థము ఒకచో నొత్తుకొనుట, ప్రక్కచో సడలుట. ఈ యొత్తిడి, సడలింపులు వరుసగా ముందునకు సాగిపోవుచుండును. ఒత్తుకొనిన నీరు వెలుగును రవంత యెక్కువ ఆలస్యము చేయును, సడలిన నీరు రవంత తక్కువ చేయును. గనిలో పలకరాయి పొరలు పొరలుగా నుండునట్లు తొట్టిలోని నీరును పొరలు కట్టును. ఆ పొరలు క్షణమునకు 1,500 మీటర్ల చొప్పున పరుగెత్తుచుండగా వెలుగు వానిని నిలిచియున్నట్లెట్లు చూచునని యెవరైన నడుగవచ్చును. నాలుగైదు సెంటిమీటర్ల వెడల్పుగల తొట్టిని వెలుగు దాటులోపల ధ్వని వెండ్రుక మందములో నూఱవ పాలైనను కదలదు. వెలుగు పరుగునకు ధ్వని పరుగు నిలుకడయే.

అయితే మన చెవికి వినబడు ధ్వని యిందుకు పనికిరాదు. క్షణమునకు వేయి కంపనములు గల స్వరము నీటిలో ఒక పొరకును మఱియొక పొరకును నడుమ మీటరున్నర దూరము పెట్టును. చెవి వినగల హద్దు సుమారు 20,000 కంపనములు. ఈ ప్రయోగమునకు కావలసినవి పది లక్షలు, ముప్పది లక్షల కంపనములు. వీనిని అతిధ్వను లందురు. 30 లక్షల కంపనముల ధ్వని నీటిలో అర మిల్లీమీటరున కొక పొర చొప్పున పేర్చును. ఇది వింత ధ్వని యేమియు కాదు. గర్భిణీస్త్రీలను స్కానింగుకు తీసికొనిపోయినప్పుడు కడుపులోని శిశువును చూపునది ఇంచుమించు ఈ ధ్వనియే.

ఇట్లు ధ్వని వెలుగును చీల్చునని 1922లో ఫ్రాన్సు దేశపు బ్రిల్వా పండితుడు ముందుగా లెక్కగట్టి చెప్పెను. పదియేండ్లకు, 1932లో, అమెరికాలో డెబై, సియర్సు అనువారును, ఫ్రాన్సులో ల్యూకా, బికార్ అనువారును వేర్వేఱుగా దానిని ప్రయోగమున చూపిరి. చూపిరి గాని, చూచినదాని కర్థము చెప్పుట చిక్కయ్యెను. ఇరువైపుల నొక్కొక్క చుక్క రావలసియుండగా అనేక చుక్కలు వచ్చెను. వాని వెలుగునకు వరుస లేదు. దూరపు చుక్క దగ్గఱి చుక్కను మించి వెలుగుటయు కలదు. ధ్వని బలమును పెంచుకొని పోయినచో తిన్నగా పోవలసిన నడిమి చుక్కయే మసకబాఱి, మాయమై, మరల పుట్టుటయు కలదు!

ఈ చిక్కును విప్పినది మన దేశమున, బెంగుళూరులో. చంద్రశేఖర వేంకటరామన్ గారు 1933లో కలకత్తానుండి అచ్చటి విజ్ఞానమందిరమునకు వచ్చి, 1934లో విజ్ఞాన అకాడమీని స్థాపించిరి. ఆ అకాడమీ పత్రికలోనే 1935, 1936 సంవత్సరములలో వారును, వారి శిష్యుడగు నాగేంద్రనాథ్ గారును కలిసి వరుసగా ఐదు వ్యాసములు ప్రకటించిరి. వారి యూహ వినుటకు మిక్కిలి తేలికైనది. వెలుగు నీటిపొరలను తాకి మరలుచున్నదని తలపవలదు. తొట్టిలో ప్రవేశించునపుడు ఇస్త్రీ చేసిన వస్త్రమువలె చదునుగా నున్న కాంతితరంగము, కొన్ని పొరలలో నాలసించి, కొన్ని పొరలలో ముందుకు పోయి, వెలికి వచ్చునప్పటికి ముడుతలు పడియుండును. ఆ ముడుతల లోతును బట్టి చుక్కల సంఖ్యయు, వెలుగును నిర్ణయమగును. నడిమి చుక్క యెప్పుడు మాయము కావలెనో కూడ లెక్కకు వచ్చినది, ప్రయోగముతో సరిపోయినది. నేటికిని లోకమంతట ఈ భాగమునకు రామన్-నాథ్ వివర్తన మనియే పేరు.

రామన్ గారు పుట్టుకచే తెలుగువారు కాకపోయినను వారి బాల్యము విశాఖపట్టణమున గడచెను. తండ్రిగా రచ్చటి ఎ.వి.ఎన్. కళాశాలలో అధ్యాపకులు. ఇక అచ్చముగా మనవాడగు శిష్యు డొకరు గలరు. 1909లో కృష్ణాజిల్లా ఆగిరిపల్లిలో జన్మించిన సూరి భగవంతము గారు కలకత్తాలో రామన్ గారియొద్ద పనిచేసి, 1932లో వాల్తేరునందలి ఆంధ్ర విశ్వవిద్యాలయము చేరిరి. రామన్-నాథ్ సిద్ధాంతమునకు ఒక యెల్ల కలదు. ధ్వని కంపనములు మఱింత హెచ్చి, పొరలు మఱింత దగ్గఱయై, తొట్టి వెడల్పైనచో వెలుగు నడక మాఱును. అప్పుడు వెలుగు పడు కోణమును కొంచెము మార్చినను చుక్కల వెలుగు మాఱిపోవును. ఆ యెల్లకు ఆవలి ప్రదేశమును వాల్తేరులో భగవంతము గారును, బి. రామచంద్రరావు గారును 1940ల చివర పరిశోధించిరి. అంతకు ముందే, 1944 ప్రాంతమున, భగవంతము గారు భీమసేనాచార్ గారితో కలిసి స్ఫటికములగుండా అతిధ్వనులను పంపి వాని సాగుగుణములను కొలుచు పద్ధతిని నెలకొల్పిరి. ఇదంతయు యుద్ధకాలమునను, దాని వెనువెంటనే వచ్చిన యేండ్లలోను, కావలసిన సాధనము అంగడిలో దొరకని కాలమున జరిగినది. భగవంతము గారు తరువాత ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు ఉపాధ్యక్షులును, బెంగుళూరు విజ్ఞానమందిరమునకు అధిపతియు, రక్షణమంత్రికి వైజ్ఞానిక సలహాదారును అయిరి. ఇది పరదేశపు విద్యయని మన మూరకుండుటకు వీలులేదు.

ఇప్పుడు ప్రయోగము. ఒక చదరపు గాజుతొట్టి. దాని యొక ప్రక్కకు స్ఫటికపు బిళ్ళ. పూర్వము క్వార్ట్జు వాడెడివారు, ఇప్పుడు పింగాణివంటి కృత్రిమపదార్థపు బిళ్ళలు వచ్చినవి. విద్యుచ్ఛక్తి నటునిటు మార్చి ప్రయోగించినచో బిళ్ళ ఉబ్బుచు తగ్గుచు నీటిని కొట్టును. ఈ గుణమును 1881లో క్యూరీ సోదరులు ప్రయోగమున చూపిరి. ధ్వని పోవు త్రోవకు అడ్డముగా ఎఱ్ఱని లేజరు వెలుగును, దానిని గోడపై చిన్న బిందువుగా కూర్చుటకు ఒక కటకమును అమర్చవలెను. గది చీకటిగా నుండవలెను.

గోడ నాలుగు మీటర్ల దూరమున నున్నదనుకొందము. మీట నొక్కగానే ఒక్క చుక్క మూడగును, ఐదగును. ప్రక్కప్రక్క చుక్కల యెడము 5.2 మిల్లీమీటర్లు వచ్చినదనుకొందము. దానిని 4,000 మిల్లీమీటర్లచే భాగింపగా 0.0013. ఈ యెఱ్ఱవెలుగు తరంగదైర్ఘ్యము 0.00065 మిల్లీమీటరు. దానిని 0.0013చే భాగించిన అర మిల్లీమీటరు. ఇదియే నీటిపొరల సందు. క్షణమునకు 30 లక్షల పొరలు పుట్టుచున్నవి గనుక అరను ముప్పది లక్షలచే హెచ్చింపుడు. 15 లక్షల మిల్లీమీటర్లు, అనగా 1,500 మీటర్లు. నీటిలో ధ్వనివేగము చేతికి వచ్చినది. అయిదవ తరగతి లెక్కతో ఇంతటి సత్యము దొరకు ప్రయోగములు పదార్థవిజ్ఞానమున ననేకములు లేవు.

మా మనస్సును నొప్పించిన సంగతి యిక చెప్పవలసియున్నది. కొంతకాలము క్రిందట నొక కళాశాలను చూడబోయితిమి. ఏ యూరో, ఏ కళాశాలయో చెప్పము. చెప్పిన అదొక్కటియే దోషియైనట్లు తోచును. అచ్చట ఈ ప్రయోగము వ్రాసిన రికార్డులను మా ముందుంచిరి. దస్తూరి ముత్యములవలె నున్నది. చిత్రములకు రంగులు కూడ వేసిరి. ముప్పది పుస్తకములు త్రిప్పితిమి. ముప్పదింటను నీటిలో ధ్వనివేగము 1482. ఒక్కటియు 1481 కాదు, 1483 కాదు. పైయేటి విద్యార్థుల పుస్తకములను తెప్పించి చూడగా అందును 1482. తేదీ మాత్రము ఏప్రిల్ నెలది.

1482 అబద్ధపు సంఖ్య కాదు. అది 20 డిగ్రీల నీటికి పుస్తకములు చెప్పు వేగము. నీరు వేడెక్కినకొలది అందు ధ్వనివేగము హెచ్చును: 25 డిగ్రీలకు 1497, 30కి 1509, 40కి 1529. నల్లమల క్రింది యూళ్ళలో ఏప్రిల్ నెల మధ్యాహ్నమున కుళాయినీరు 20 డిగ్రీలుండునా? ఉష్ణోగ్రత వ్రాయవలసిన గడి అన్ని పుస్తకములలోను ఖాళీగా నున్నది. దొంగ పత్రమును తేదీ పట్టియిచ్చినట్లు ఈ రికార్డులను ఎండ పట్టియిచ్చినది.

ఒక విద్యార్థిని చేరబిలిచి అడిగితిమి. అతడు దాచలేదు. "మిషన్ బయటికి తీయలేదు సార్. సీనియర్ల రికార్డు చూసి రాసినాము" అనెను. యంత్రము బీరువాలో, వచ్చిన నాటి పెట్టెలోనే, దూదిలో చుట్టబడి భద్రముగా నున్నది. చెడిపోవునేమోయను భయముచే దాని నెవరును ముట్టలేదు. అధ్యాపకుని నిందించుటకు మాకు నోరాడలేదు. ఆయన యొక్కరే ముగ్గురి పాఠములు చెప్పుచున్నారు. అఱువదిమందికి యంత్ర మొక్కటి. చెడిపోయినచో సంజాయిషీ ఆయనదే. అయినను ఆయన మంచి మనస్సుగలవారు. ఆ సాయంకాలమే పెట్టె విప్పించిరి.

మొదట నేమియు రాలేదు. నీటిలో గాలిబుడగలు గాజునకును బిళ్ళకును అంటుకొనియుండెను. బుడగలు ధ్వనిని చెదరగొట్టును. నీరు మార్చిరి. బిళ్ళ కొంచెము వాలియున్నదని ఒక బాలిక కనిపెట్టి సరిచేసెను. అప్పుడు గోడపై చుక్క పగిలి ఐదు చుక్కలయ్యెను. ఆ పిల్లలు ఒక్కసారిగా చేసిన ధ్వని ఏ పౌనఃపున్యముదో మేము కొలువలేదు. స్కేళ్ళు తీసికొని ఎగబడిరి. ఒకరికి 1496 వచ్చినది, ఒకరికి 1538, ఇంకొకరికి 1511. ఎవరిది తప్పని వాదులాడుకొనిరి. నీటి వేడిమి 33 డిగ్రీలుండెను. ఆ వేడిమికి పుస్తకము చెప్పునది సుమారు 1516. ముగ్గురి సగటు 1515! స్కేలుపై అర మిల్లీమీటరు తడబాటు లెక్కలో నలువది మీటర్ల వఱకు తేడా తెచ్చునని వారు ఆ సాయంకాలము తెలిసికొనిరి. ముప్పదిమందికి 1482 వచ్చిన దినమున ఈ సంగతి తెలియుటకు మార్గము లేకపోయెను.

ఈ సీమకు నిట్టి ప్రయోగము లెందుకని యనువారుందురు. 1970కి పూర్వము మార్కాపురము, గిద్దలూరు, కంభము కర్నూలు జిల్లాలో ఒక యంచు. ఆ పిమ్మట ఒంగోలు ముఖ్యపట్టణముగా నేర్పడిన జిల్లాలో మఱియొక యంచు. ఆ రెండు జిల్లాలలోను ఈ బిడ్డలకు ముఖ్యపట్టణము దూరముగానే యుండెను. పెద్ద విద్యాలయములకు పోయినపుడు వీరు పట్టణపు పిల్లలతో సమానముగా యంత్రము ముందు నిలువవలెనన్న, మొదటి యంత్రమును తమ యూరిలోనే తాకియుండవలెను. మార్కులు తక్కువై వెనుకబడినవానికి మందు కలదు. మార్కులు నిండుగా నుండి చేతికి పని రానివాడు పోటీలో తెల్లబోవును, తన లోపమెక్కడనో అతనికే తెలియదు.

అతిశయోక్తులును మాకు సమ్మతము కావు. ఈ ప్రాంతపు గొట్టపుబావుల నీటిలో ఫ్లోరైడు హెచ్చుగా నుండి జనులు పండ్లచేతను ఎముకలచేతను బాధపడుచున్నారు గదా, ఈ ప్రయోగముతో దానిని పట్టవచ్చునా యని మమ్ము నొక మిత్రు డడిగెను. పట్టరాదు. ఫ్లోరైడునకు హద్దు లీటరునకు ఒకటిన్నర మిల్లీగ్రాము. అంత స్వల్పమైన పాలు ధ్వనివేగమున తెలియునంత మార్పు తేలేదు. దానికి రసాయనశాస్త్రపు పరీక్షలు వేఱుగా నున్నవి. కాని పిడికెడు ఉప్పు కలిపిన నీటికిని మంచినీటికిని, నీటికిని కిరసనాయిలుకును తేడా స్పష్టముగా కొలువవచ్చును. కిరసనాయిలులో ధ్వని 1,300 మీటర్లకు కొంచె మెక్కువగా పోవును; పొరలు దగ్గఱయగును, గోడపై చుక్కలు ఎడమగును.

ఇంకొక ప్రయోగము ఈ సీమకే తగినది కలదు. గనులయొద్ద గుట్టలుగా పడియున్న పలకరాతి ముక్కలను చూచినవారెవరును అవి ప్రయోగశాల వస్తువులని తలపరు. పలకరాతిలో ధ్వని పొర వెంబడి పోవు వేగము వేఱు, పొరకు అడ్డముగా పోవు వేగము వేఱు. పొర వెంబడిదే యెక్కువ. రాతిలో వెలుగు దూఱదు గనుక చుక్కల పద్ధతి యిచ్చట పనికిరాదు. ధ్వనిని దెబ్బవలె పంపి, ఆవలికి చేరిన కాలమును కొలువవలెను. కాంక్రీటు గట్టితనమును పరీక్షించుటకు ఇంజనీర్లు వాడు పద్ధతియే యిది. ఉలి పెట్టిన చోట రాయి ఎందుకు పొరగా లేచునో గని కూలివానికి చేతితో తెలియును. అతని కుమారునికి లెక్కతో తెలియవచ్చును.

ఖర్చు మాట. కళాశాలలకని అమ్మెడు పూర్తి యంత్రములు ఖరీదైనవే. కాని అలంకారపు నీటితొట్లలో పొగమంచు పుట్టించు చిన్న బిళ్ళలు కొన్ని వందల రూపాయలకు దొరకును. అవి సామాన్యముగా క్షణమునకు 17 లక్షల కంపనములు చేయును. దానిని తొట్టి ప్రక్కకు తిప్పి బిగించినచో ఐదు మీటర్ల దూరపు గోడపై చుక్కల యెడము మూడున్నర మిల్లీమీటర్లకు కొంచెము మించి యుండును. కన్నులకు పని యెక్కువ, కటకమును శ్రద్ధగా అమర్చవలెను. కాని పని జరుగును. లేజరు వెలుగు కంటిలో పడకుండ చూచుటయు, నీరు లేక బిళ్ళను ఆడింపకుండుటయు అధ్యాపకుని బాధ్యత.

వాల్తేరులో భగవంతము గారు పనిచేసిన విజ్ఞానకళాశాల ఎవరి సొమ్ముతో నిలిచెనో మా పాఠకులగు భూస్వాములు జ్ఞప్తికి తెచ్చుకొందురు గాక. జయపురము మహారాజా విక్రమదేవవర్మగారు ఏటేట లక్ష రూపాయలు విశ్వవిద్యాలయమునకు ఇచ్చిరి. ఆ కళాశాల వారి పేరనే వెలసినది. ఈ సీమలో జయపురపు సంస్థానము లేదు. కాని కల్యాణమండపములు కట్టించినవారు, చెన్నకేశవస్వామి తిరునాళ్ళకు వేలు వెచ్చించువారు కలరు. పది తొట్లకును పది బిళ్ళలకును ఒక పెండ్లి బాజాభజంత్రీల ఖర్చు చాలును. ఇచ్చువా రొక్క షరతు పెట్టవలెను. బీరువా తాళము విద్యార్థులయొద్ద నుండవలెను. బిళ్ళ పగిలినచో సంజాయిషీ అడుగరాదు, మఱియొకటి కొనవలెను. రికార్డులో ఉష్ణోగ్రత గడి ఖాళీగా నున్నచో ఆ పుటకు మార్కు లియ్యరాదు.

రామన్ గారు తమ పేరుగల కాంతిఫలితమును కనుగొనిన దినమని ఫిబ్రవరి 28వ తేదీని దేశమంతట జాతీయ విజ్ఞానదినముగా జరుపుచున్నారు. ఆ దినమున పాఠశాలలలో ఉపన్యాసములు, పూలదండలు విస్తారముగా నుండును. ఈసారి మార్కాపురమునందును గిద్దలూరునందును ఉపన్యాసములలో నొకటి తగ్గించి, ఒక గది కిటికీలకు నల్లగుడ్డ కట్టి, గ్రామస్థులను పిలిచి, ఈ చుక్కలను చూపుదురని ఆశించుచున్నాము. నాలుగు మీటర్ల ఖాళీ గోడ ప్రతి యుప్పరిగలోను దొరకును. తొట్టిలో పోయు నీటిని మాత్రము ముందునాటి రాత్రియే కాచి చల్లార్చి యుంచుకొనవలెను; లేనిచో బుడగలు పట్టి, వచ్చినవారి ముందు నగుబాటగును.